పసుపు తొండ వర్ణ ధ్రువీకరణ

తొండలను లెక్కపెట్టమని మా రాళ్ళవాగు అటవీ రేంజి ఆఫీసుకు ఉత్తర్వు వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. పులులను లెక్కపెట్టాం, ఎలుగుబంట్లను లెక్కపెట్టాం, ఒక ఏడాది పుట్టలను కూడా లెక్కపెట్టాం. తొండలకు మాత్రం ఎందుకు అన్యాయం జరగాలి? ‘ప్రగతి పథంలో తొండ మన భాగస్వామి’ అని ఉత్తర్వు మొదటి పేరాలోనే ఉంది. నేను ఈ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న సీనియర్ అసిస్టెంటుని. ఉత్తర్వుల్లో అర్థం వెతికే అలవాటు పదిహేడేళ్ళ కిందటే మానుకున్నాను.

లెక్క కోసం ఫోన్లో ఒక యాప్ ఇచ్చారు. తొండ కనపడగానే ఫోటో తీయాలి, పొడవు రాయాలి, రంగు ఎంచుకోవాలి. రంగు దగ్గర రెండే రెండు ఉన్నాయి: గోధుమ, బూడిద. ‘ఇతరములు’ అన్న గడి లేదు. ఎందుకు లేదని శిక్షణ రోజున ఎవరో అడిగితే, “ఆ గడి పెడితే అందరూ అదే నొక్కుతారండీ” అన్నాడు యాప్ తయారుచేసిన ఇంజనీరు. మా ఆఫీసు సెలవు చీటీల్లో ‘ఇతర కారణములు’ ఎంత ధారాళంగా పడతాయో తెలిసినదాన్ని కనుక ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

ఈదన్న మా వాచర్. నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం మనిషి. పెంటిక చూసి ఏ జంతువు ఎప్పుడు ఎటు పోయిందో చెప్పగలడు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఆ కాంట్రాక్టు ఏటా మార్చి ముప్పై ఒకటిన ప్రాణం విడిచి, పైవాళ్ళకు దయ కలిగితే ఏప్రిల్ ఒకటిన మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అతను నా బల్ల దగ్గరికొచ్చి ఫోన్ చూపించాడు.

“మేడమ్, ఈ తొండను యాడ రాయల్ల?”

ఫోటోలో ఒక బండ, దాని మీద తొండ. మూతి నుంచి తోక చివర దాకా పచ్చటి పసుపు. పెళ్ళికూతురి కాళ్ళకు రాసినంత పసుపు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“ఇది మన అడవిలోదేనా?” అన్నాను.

“పెద్దబండ కాడ మేడమ్. మూడు దినాల నుంచి సూస్తాండా. గోధుమ అని నొక్కినా. నొక్కకపోతే ఫోన్ ముందుకు పోనీల్యా. కానీ అది గోధుమ కాదు గదా. అబద్ధం సెప్పినట్టుంది నాకు. మీరన్నా యాడో ఒకకాడ నిజం రాయండి.”

సరేనని ఆ వారం నివేదిక చివర, ‘పెద్దబండ వద్ద ఒక తొండ పసుపు రంగులో ఉన్నట్లు వాచర్ ఈదన్న తెలియజేసినాడు’ అని ఒక్క వాక్యం రాశాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అవసరం లేని నిజం రాయడం అదే మొదటిసారి.

ఆరో రోజుకు డివిజన్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అది వాక్యం రాసిన నాకు రాలేదు, ఈదన్నకు వచ్చింది. నేను పర్మినెంటు మనిషిని కదా.

‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రాష్ట్ర ప్రభుత్వముచే గుర్తింపబడిన తొండ రంగులు రెండు మాత్రమే అయి ఉండగా, వాచర్ ఈదన్న మూడవ రంగును కనుగొన్నట్లు తెలియజేయుట తీవ్ర విస్మయము కలిగించుచున్నది. సదరు తొండకు అతడే రంగు పూసి, వన్యప్రాణిని వికృతపరచి, గణనను పక్కదారి పట్టించినట్లు ప్రాథమికముగా భావించడమైనది. పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వనియెడల కాంట్రాక్టు పునరుద్ధరింపబడదు.’

ఈదన్నకు మెమో చదివి వినిపించేటప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అతను నిజం రాయమన్నాడు, నేను రాశాను, ఉద్యోగం అతనిది పోతోంది. నిజంగా సిగ్గేసింది. ఇంట్లో అతని భార్య, ఇద్దరు పిల్లలు, కళ్ళు కనపడని తల్లి, అందరూ ఆ ఒక్క ఉద్యోగం మీదే ఉన్నారు. మార్చి నెలాఖరులోగా దీన్ని సరిచేసి తీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆ మర్నాడే డివిజన్ అటవీ అధికారి, డీఎఫ్‌ఓ గారు స్వయంగా వచ్చారు. పొడుగ్గా, ఇస్త్రీ నలగకుండా ఉండే మనిషి. మంచినీళ్ళు అడిగినా ఉపన్యాసంలాగే ఉంటుంది.

“సార్, ఆ తొండ పుట్టుకతోనే పసుపేమో” అన్నాను.

“హైమావతి గారూ, అడవి మన పరిధిలో ఉంది. యాప్ మన పరిధిలో ఉంది. యాప్‌లో లేని రంగు అడవిలోకి ఏ దారిన వస్తుంది? వ్యవస్థాపరంగా ఆలోచించండి” అన్నారు.

వ్యవస్థాపరంగా ఆలోచిస్తే తొండకు స్నానం చేయించాలని తేలింది. ఈదన్న చేతే దాన్ని పట్టించి తెప్పించారు. ఆఫీసు వరండాలో ప్లాస్టిక్ బేసిన్, గోరువెచ్చని నీళ్ళు, షాంపూ పొట్లం, మెత్తటి బ్రష్షు సిద్ధం చేశాం. దీనికి ‘భౌతిక పరిశీలన’ అని పేరు. సాక్షులుగా టీ కొట్టు యజమానినీ పంచాయతీ గుమాస్తానూ కూర్చోబెట్టాం. తొండ కళ్ళు మూసుకుని భరించింది. ఒకసారి కడిగాం, రెండుసార్లు కడిగాం. మూడోసారి ఒంటిమీద దుమ్మంతా పోయి మరింత మెరిసింది.

“అబ్బ! ఎంత పసుపండీ!” అన్నారు డీఎఫ్‌ఓ గారు, ఉన్నట్టుండి మామూలు మనిషిలాగా.

పంచనామా నేనే రాశాను. ‘మూడు పర్యాయములు కడిగిన పిమ్మట కూడా తొండ పసుపు రంగులో నిగనిగలాడుచుండుట మేమందరమూ స్వయముగా చూచితిమి’ అని రాసి, అందరి చేతా సంతకాలు చేయించాను. మొదటి సంతకం ఆయనదే. ఇంతటితో గొడవ వదిలిందనుకున్నాను.

ఆయన కింద తన అభిప్రాయం జోడించారు. ‘షాంపూతో కడిగినను పోలేదు గనుక మిక్కిలి నాణ్యమైన రంగు వాడినట్లు, నేరము ముందస్తు పథకము ప్రకారము జరిగినట్లు స్పష్టమగుచున్నది.’

“సార్, నా ఇంటి గోడకే రంగు ల్యా. తొండకు యాడ నుంచి తెచ్చి పూస్తా?” అన్నాడు ఈదన్న.

“మీ వాదన ఆసక్తికరంగా ఉంది. లిఖితపూర్వకంగా సమర్పించండి” అన్నారు ఆయన. పోతూ పోతూ, ఈ రంగు సహజమేనని సమర్థ అధికారి ఎవరైనా ధ్రువీకరిస్తే మెమో ఉపసంహరించే విషయం సానుభూతితో పరిశీలిస్తామన్నారు. తొండను సాక్ష్యంగా బోనులో పెట్టమని కూడా చెప్పారు. రంగు పూసినందుకు కేసు ఎదుర్కొంటున్న ఈదన్నే రోజూ పొద్దున మిడతలు పట్టుకొచ్చి దానికి పెట్టేవాడు.

తొండల సంగతి తెలిసినవాళ్ళు విశ్వవిద్యాలయంలో ఉంటారు. అక్కడికి ఉత్తరం రాయబోయాను. మామూలుగానైతే ‘కలర్ వెరిఫికేషన్’ అని కొట్టి పంపేదాన్ని. కానీ సరిగ్గా ఆ నెలలోనే ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ అచ్చ తెలుగులో, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా జరగాలని మరో ఉత్తర్వు వచ్చింది. కుర్చీని ‘ఆసనము’ అని రాస్తున్న రోజులవి. అందుకని విషయం దగ్గర ఇలా రాశాను: ‘పసుపు తొండ – వర్ణ నిర్ధారణ – వంశపారంపర్య కారణముల విచారణ – ధ్రువీకరణ పత్రము కోరుట.’

రాసుకుని మురిసిపోయాను కూడా. దాన్ని మా డిస్పాచి గుమాస్తా నరసోజీ చేతికిచ్చాను. నరసోజీ పధ్నాలుగేళ్ళుగా కవర్ల మీద చిరునామాలు రాస్తున్నాడు. ఉత్తరం లోపల చదవడు, విషయం ఒక్కటే చూస్తాడు. వర్ణం, వంశం, ధ్రువీకరణ పత్రం అనే మూడు మాటలు ఒకే వరుసలో కనపడితే ఆ ఉత్తరం ఎక్కడికి వెళ్ళాలో అతనికి వేరే చెప్పక్కర్లేదు. అసలు ప్రతిని మండల తహసీల్దారుకు పంపాడు. నకలు మాత్రం విశ్వవిద్యాలయానికి వెళ్ళింది.

తహసీల్దారు ఆఫీసులో కూడా ఎవరికీ అనుమానం రాలేదు. కుల ధ్రువీకరణ సెక్షన్‌లో మా ఉత్తరానికి నంబరు పడింది. దరఖాస్తుదారు పేరు: పసుపు. ఇంటిపేరు: తొండ. వారం తిరక్కుండా విచారణకు వీఆర్వో వీరభద్రప్ప వచ్చాడు. అదే రోజు విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ సువార్త అనే శాస్త్రవేత్త కూడా వచ్చింది. నకలు అందుకుని రావలసిన చోటి నుంచి వచ్చింది ఆవిడ ఒక్కతే. అందరం కలిసి పెద్దబండ దగ్గరికి నడిచాం. బండ మీద మామూలు గోధుమ తొండలు ఐదారు ఎండ కాచుకుంటున్నాయి.

“దరఖాస్తుదారు యాడ?” అన్నాడు వీరభద్రప్ప.

“ఆఫీసులో ఉంది. బోనులో” అన్నాను.

అతను నోటుపుస్తకంలో ‘ప్రస్తుతము ప్రభుత్వ వసతిలో ఉన్నది’ అని రాసుకున్నాడు. “మనిషి కాదని నాకూ కనపడతాంది మేడమ్. కానీ ఫైలుకు నంబరు పడిపోయినాది. నంబరు పడినాక విచారణ చెయ్యకుండా ఉంటే నన్ను విచారిస్తారు” అన్నాడు.

డాక్టర్ సువార్త పాపం ఓపిగ్గా వివరించింది. “చూడండి, తొండ చర్మంలో పసుపు ఉంటుంది, దాని మీద నలుపు ఉంటుంది. రెండూ కలిసి మనకు గోధుమగా కనిపిస్తాయి. ఆ నలుపు తయారుకావడానికి ఒక జన్యువు పనిచేయాలి. దానికి రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తుంది. రెండు ప్రతులూ చెడిపోయి ఉంటే నలుపు తయారుకాదు, అడుగునున్న పసుపే పైకి కనిపిస్తుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే బహుశా ఇదే కారణం. పరీక్ష చేస్తే గాని ఖాయంగా చెప్పలేను.”

“మరి దీని అమ్మానాయన ఏం రంగు?” అన్నాడు వీరభద్రప్ప.

“గోధుమ రంగే అయి ఉండొచ్చు. చెరొక చెడిన ప్రతిని లోపల దాచుకుని ఉంటారు. పైకి తెలియదు.”

వీరభద్రప్ప కలం ఆగింది. ఇన్నేళ్ళ అనుభవంలో అతనికి బాగా తెలిసిన మాట అది. ‘దరఖాస్తుదారు తల్లిదండ్రులు ముఖ్య వాస్తవములను దాచిపెట్టినారు’ అని రాశాడు.

“అలా కాదండీ!” అంది సువార్త.

“మీరే అన్నారు గదమ్మా, దాసిపెట్టుకున్నారని. ఎన్ని తరాల నుంచి దాస్తాండారు?”

“వందల తరాల నుంచి దాగి ఉండొచ్చు!”

“సూడండి మేడమ్” అని నా వైపు తిరిగాడు. “వంశమంతా ఇదే పని.”

తర్వాత గూడెంలో ఇద్దరు పెద్దమనుషుల వాంగ్మూలం తీసుకున్నాడు. ఈ బండ మీద తొండలు తాతల కాలం నుంచి గోధుమగానే ఉన్నాయని వాళ్ళు నిజమే చెప్పారు. దాంతో వంశవృక్షం కూడా తయారైంది. ఇరవయ్యో రోజున తహసీల్దారు ముద్రతో ధ్రువీకరణ పత్రం మా ఆఫీసుకు చేరింది. చదివి నిలబడిపోయాను.

‘తండ్రి వర్ణమే సంతానమునకు వర్తించును గనుక, పెద్దబండ వాస్తవ్యురాలైన సదరు తొండ గోధుమ వర్ణమునకు చెందినదిగా ధ్రువీకరించడమైనది.’

పసుపు తొండ బోనులో మిడతను నములుతూ ఉంది. చట్టప్రకారం అది గోధుమ తొండ.

పత్రం తీసుకుని డివిజన్ ఆఫీసుకు వెళ్ళాను. ఈదన్నను కూడా వెంటబెట్టుకెళ్ళాను. మార్చి ఇరవై ఆరో తేదీ అది. డీఎఫ్‌ఓ గారు పత్రాన్ని రెండుసార్లు చదివారు.

“అంటే తొండ గోధుమ రంగే” అన్నారు.

“అవును సార్. సమర్థ అధికారి ధ్రువీకరించారు. కాగితం మీద పసుపు తొండే లేనప్పుడు పసుపు పూశాడనడానికి ఇక వీల్లేదు. యాప్‌లో కూడా ఈదన్న గోధుమ అనే నొక్కాడు. మెమో ఉపసంహరించుకోవచ్చు.”

ఆయన కళ్ళు మూసుకుని వ్యవస్థాపరంగా ఆలోచించారు. “అది సరే. కానీ గోధుమ తొండను ఇతను పసుపుగా చూశాడు. అంటే ఇతని కంటిచూపు ప్రశ్నార్థకం. రంగులు తెలియని వ్యక్తికి అడవిని ఎలా అప్పగిస్తాం? కంటి పరీక్షకు పంపండి. లోపం తేలితే తొలగింపు.”

పక్కన నిలబడ్డ ఈదన్న ఆకు రంగు చూసి ఏది కూరాకో ఏది విషమో పసితనంలోనే నేర్చుకున్న మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండినప్పుడు నేను మరీ మర్యాదగా మాట్లాడతాను.

“చిత్తం సార్. ఇప్పుడే ఉత్తర్వు టైపు చేస్తాను. పసుపుగా చూసినవాళ్ళందరినీ కలిపే పంపుదామా?”

“ఇంకెవరున్నారు?”

పంచనామా ఆయన ముందు పెట్టాను. ‘పసుపు రంగులో నిగనిగలాడుచుండుట మేమందరమూ స్వయముగా చూచితిమి.’ ఆయన మొదటి సంతకం మీద కాసేపు చూపు నిలిపారు. అది చాలా అందమైన సంతకం, కింద రెండు గీతలు, పక్కన తేదీ.

“కంటి పరీక్ష ప్రస్తుతానికి అవసరం లేదు” అన్నారు. మెమో ఉపసంహరించారు. గోధుమ తొండను బోనులో ఉంచడానికి కారణమేమీ లేదు గనుక వదిలేయమన్నారు. కాంట్రాక్టు పునరుద్ధరణ కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీసి, ఆగిపోయారు.

“అన్నట్టు, తొండకే వర్ణ ధ్రువీకరణ ఉంది. మా వాచర్‌కు కుల ధ్రువీకరణ ఉందా? ఫైల్లో కనపడటం లేదే.”

లేదు. పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. తొండ పత్రం చూశాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. “అడవి జీవికి ఉండి, అటవీ సిబ్బందికి లేకపోతే బాగుండదు. ముప్పై ఒకటిలోగా జతచేయండి, సంతకం పెడతాను” అన్నారు.

ఐదు రోజులే గడువుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఈదన్న తన సంగతి చెప్పాడు. ఆ పత్రం కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడట. ప్రతిసారీ తండ్రి పత్రం నంబరు కావాలన్నారట. వాళ్ళ నాన్న అడవిలో పుట్టి అడవిలోనే పోయాడు.

“మా నాయన ఆ కాయితం యాడ పెట్టినాడో సెప్పకుండానే సచ్చిపాయ మేడమ్” అన్నాడు. ఎగతాళో బాధో తెలియలేదు. రెండూ అయుండొచ్చు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం తహసీల్దారు ముందు నిలబడ్డాం. ఆవిడ మంచి మనిషే. కుర్చీలు వేయించింది, మాట విన్నది, చివరికి తల అడ్డంగా ఊపింది.

“తండ్రి పత్రం లేకుండా ఎలా ఇస్తామండీ?”

“తొండకు ఇచ్చారు కదా మేడమ్! దాని తండ్రి పత్రం చూశారా? ఇద్దరు సాక్షుల మాట మీద ఇచ్చారు. ఆ ఇద్దరు సాక్షులూ ఈదన్న చిన్నాయనలే” అన్నాను.

“అది తొండ కాబట్టి మాట మీద ఇచ్చాం. ఇది మనిషి విషయం. రూల్స్ ఉంటాయి” అంది.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే బాధపడుతూ అంది. పద్దెనిమిదేళ్ళుగా నేను కూడా ఇలాంటి మాటలే ఎంతమందికి చెప్పానో గుర్తొచ్చింది.

అప్పుడు పక్క బల్ల దగ్గరి కంప్యూటర్ ఆపరేటర్ కొండమ్మ మెల్లగా అంది: “మేడమ్, మనుషుల ఫారంలో తండ్రి నంబరు కొట్టకపోతే ముందుకు పోదు. తొండకని నేను చేసిన ఫారం ఉంది. దాంట్లో ఆ గడి లేదు. కింద ముద్ర, సంతకం అన్నీ ఒకటే.”

తహసీల్దారు ఈదన్న వైపు చూసింది. “మీకు అభ్యంతరమా?”

“నాకేం అభ్యంతరం మేడమ్. ఏ ఫారమైతే ఏంది, నేను నేనే గదా” అన్నాడు.

వీరభద్రప్పను పిలిచి, గూడెం పెద్దల వాంగ్మూలం మళ్ళీ రాయించి, ఒంటిగంటకల్లా పత్రం చేతికిచ్చారు. పైన సర్కారు ముద్ర, కింద పచ్చ సిరా సంతకం. నేరుగా డివిజన్ ఆఫీసుకు పోయాం. డీఎఫ్‌ఓ గారు ముద్ర చూశారు, సంతకం చూశారు, మధ్యలో ఉన్నది చూసే అలవాటు ఆయనకు లేదు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశారు. రెండు గీతలు, పక్కన తేదీ.

బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాక ఈదన్న పత్రాన్ని జాగ్రత్తగా విప్పి నాకిచ్చాడు. తనకు సంతకం చేయడం వచ్చుగాని అక్షరాలు చదవడం సరిగా రాదు.

“మొత్తం సదవండి మేడమ్. నా కాయితం ఇదే మొదటిది.”

చదివాను. పేరు: ఈదన్న. తండ్రి: కీర్తిశేషులు లింగన్న. వర్ణం: చెంచు. నివాసం: పెద్దబండ పరిసరములు. ఆహారం: స్థానికముగా లభించునది. అక్కడ ఆగిపోయాను.

“ఆ తర్వాత ఇంకో వరస ఉన్నాది గదా. ఏమి రాసినారు?”

“తోక పొడవు అని ఉంది ఈదన్నా” అన్నాను. “దాని పక్కన, వర్తించదు అని రాశారు.”

అతను కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“పోన్లెండి మేడమ్” అన్నాడు. “నన్ను సూసే రాసినారు.”